పక్షులు లేచినప్పుడు పడవ ఎందుకు ఒరుగుతుంది?

మూడేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లం ఎనిమిది మందిమి తిరుపతి నుంచి పులికాట్‌ చూడడానికి పోయాం. శ్రీకాళహస్తి మీదుగా తడ వైపు రెండు గంటల ప్రయాణం. సరస్సు ఒడ్డున ఒక పల్లెలో పడవ మాట్లాడుకున్నాం. పడవతను అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. మా మేనత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని “మోకాలి లోతు నీళ్లకి ఇదంతా ఎందుకు నాయనా” అంది. ఆమెను చూసి మరో ఇద్దరు విప్పి పక్కన పెట్టేశారు.

కొంత దూరం పోయాక రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు కనబడింది. “ఇంకొంచెం దగ్గరికి పోనీ అన్నా” అని మేమే అడిగాం. ఒకసారి కాదు, మూడుసార్లు. అతనికి ఇష్టం లేదు. అయినా పోనిచ్చాడు. పక్షులు తలలెత్తి చూశాయి. గుంపు మొత్తం ఒక వైపుకు నడవడం మొదలుపెట్టింది. ఇంకాస్త దగ్గరవగానే నీటి మీద పరిగెత్తి ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింది గులాబీ రంగు ఆకాశమంతా పరుచుకుంది. మాలో ఐదుగురం ఫోన్లు పట్టుకుని లేచి నిలబడి ఒకే వైపుకు వంగాం. పడవ ఆ వైపుకు ఒరిగింది, అంచు మీదుగా నీళ్లు లోపలికొచ్చాయి. “ఎక్కడోళ్లు అక్కడే కూర్చోండి!” అని అతను అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. అత్త చెప్పులు మాత్రం అడుగున చేరిన నీళ్లలో తేలాయి.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. పడవ భద్రత గురించి చదివాను, సరస్సు మీద బతికేవాళ్లను అడిగాను. అర్థమైంది ఏమిటంటే, ఆ నిమిషంలో మేం చేసిన తప్పు రెండు తప్పులు కాదు, ఒక్కటే. పక్షులను బెదరగొట్టిన పనే మమ్మల్ని ముంచబోయింది. పడవ భద్రత వేరు, పర్యావరణం వేరు అన్నట్టు రెండు బోర్డులు పెడతారు కానీ, పులికాట్ లాంటి లోతు తక్కువ సరస్సులో ఈ రెంటినీ విడదీయడం కష్టం. అదెలాగో వివరంగా చెప్పుకుందాం.

మా పడవలో జరిగిందే పెద్ద ఎత్తున ఒకచోట జరిగింది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయంలో రెండంతస్తుల పర్యాటక పడవ బోల్తా పడి 45 మంది చనిపోయారు. ఒడ్డున అడవి జంతువులు కనబడగానే జనం ఒక వైపుకు చేరారని, పడవ ఆ బరువుకు ఒరిగిపోయిందని అప్పట్లో అందరూ చెప్పారు. ఆ పడవకు నిలకడ సరిపోదన్న ప్రశ్నలు తర్వాత వచ్చాయి. ఏదేమైనా అడవి జంతువును చూడాలన్న ఆత్రం, రాజహంసను ఫోటో తీయాలన్న ఆత్రం ఒకటే.

ఒక మనిషి, ఒక సెంటీమీటరు

పడవ ఎందుకు ఒరుగుతుందో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. కష్టమైనదేమీ కాదు.

ఆరు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న ఒక మామూలు ఫైబర్ పడవను తీసుకోండి. ముందు భాగం సన్నబడుతుంది కాబట్టి నీటి మట్టం దగ్గర దాని వైశాల్యం సుమారు ఆరున్నర చదరపు మీటర్లు అనుకుందాం. ఆ పడవ ఒక సెంటీమీటరు కిందికి దిగాలంటే 65 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. అంటే 65 కిలోల బరువు ఎక్కాలి. అది దాదాపు ఒక మనిషి బరువు. కాబట్టి ఒక మనిషి ఎక్కితే పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. పది మంది పట్టే పడవలో పదిహేను మంది ఎక్కితే అదనంగా ఐదు సెంటీమీటర్లు. చూసేవాళ్లకు అది తేడాగానే కనబడదు. అందుకే “ఇంకో ఇద్దరు పట్టరా ఏంటి” అంటాం.

చిక్కు పడవ ఒరిగినప్పుడు వస్తుంది. నీటి నుంచి పడవ అంచు దాకా పాతిక సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకోండి. అదనపు జనం వల్ల ఐదు పోయాయి, ఇరవై మిగిలాయి. ఇప్పుడు కొందరు ఒక వైపుకు జరిగి పడవ పది డిగ్రీలు ఒరిగింది. మీటరున్నర వెడల్పున్న పడవలో ఆ వైపు అంచు పదమూడు సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలింది ఏడు. చిన్న అల చాలు, నీళ్లు లోపలికి రావడానికి.

మామూలుగా పడవ ఒరిగినప్పుడు దిగిన వైపు ఎక్కువ నీటిని తోస్తుంది, నీళ్లు దాన్ని తిరిగి పైకి ఎత్తుతాయి. పడవ తనంతట తాను సర్దుకుంటుంది. ఈ సర్దుబాటు రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పడవ వెడల్పు, అందులోని బరువు ఎంత ఎత్తులో ఉందన్నది. కూర్చున్న మనిషి బరువు పడవ అడుగుకు దగ్గరగా ఉంటుంది. లేచి నిలబడితే అదే బరువు నడుము ఎత్తుకు పోతుంది. పైన బరువు పెరిగే కొద్దీ పడవకు తిరిగి లేచే శక్తి తగ్గుతుంది. మన వైపు కోనేళ్లలో తెప్పోత్సవం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. తెప్ప అడుగు వెడల్పుగా ఉంటుంది, స్వామివారిని మధ్యలో వేంచేపు చేస్తారు, నెమ్మదిగా తిప్పుతారు. తెప్ప మీద ఎవరూ ఒక పక్కకు పరిగెత్తరు.

ఇక లోపల చేరిన నీళ్ల సంగతి. పడవ అడుగున నాలుగు చదరపు మీటర్ల నేల ఉండి, అందులో పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అది 400 కిలోలు. ఆరుగురు మనుషుల బరువు. అయితే మనుషులు కూర్చున్నచోట కూర్చుంటారు, నీళ్లు కూర్చోవు. ఎండాకాలంలో తిరుపతి వీధుల్లో తిరిగే నీళ్ల ట్రాక్టర్లు చూడండి. నిండు ట్యాంకరు కన్నా సగం నిండిన ట్యాంకరే మలుపు దగ్గర ఎక్కువ ఊగుతుంది. లోపలి నీళ్లు ఒక వైపుకు ఉరికి ఆ వైపునే బరువు పెంచుతాయి. పడవలోనూ అంతే. కొంచెం ఒరగగానే అడుగు నీళ్లన్నీ ఆ పక్కకే పోతాయి, దాంతో ఇంకా ఒరుగుతుంది. అందుకే ఎక్కే ముందు పడవ అడుగు చూడండి. చీలమండ తడిసే నీళ్లు ఉంటే, తోడి పోసేదాకా ఎక్కకండి. తోడడానికి చిన్న బకెట్టో సగం కోసిన క్యానో పడవలో ఉందా అని అడగండి.

లోతు తక్కువ, ప్రమాదం తక్కువ కాదు

మా అత్త అన్న మాట దగ్గరికి వస్తాను. పులికాట్ దేశంలో చిలికా తర్వాత రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. అయినా సగటు లోతు ఒక మీటరు చుట్టుపక్కలే. కాబట్టి ఆమె మాట పూర్తిగా తప్పని అనలేం. కానీ అది సగం నిజం, ఆ సగం నిజమే మనుషుల్ని చంపుతుంది.

మొదటిది, లోతు అంతటా ఒకేలా ఉండదు. పడవలు తిరిగే కాలువల్లో, సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల దగ్గర లోతు పెరుగుతుంది, ప్రవాహం కూడా ఉంటుంది. రెండోది, అడుగున గట్టి నేల ఉండదు. బురదలో కాళ్లు దిగబడితే నడుము లోతు నీళ్లలో కూడా నిలబడలేం. చీర కాళ్లకు చుట్టుకున్న ఆడమనిషికి, నాలుగేళ్ల పిల్లవాడికి మీటరు లోతు అంటే ఏమిటో ఆలోచించండి. మూడోది గాలి. ఇదే అన్నిటికన్నా పెద్దది.

లోతైన నీటిలో అలలు దూరం దూరంగా, సాగినట్టు వస్తాయి. పడవ వాటి మీద లేచి దిగుతుంది. లోతు తక్కువైనచోట అల అడుగు భాగం నేలకు రాసుకుంటుంది. దాంతో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కొడతాయి. పడవ ఒక అల నుంచి తేరుకునేలోగా రెండోది అంచు దాటి వస్తుంది. పైగా గాలిని అడ్డుకునే చెట్టూ గుట్టా లేని మైళ్ల కొద్దీ నీరు. ఎంత దూరం అడ్డు లేకుండా గాలి వీస్తే అలలు అంత పెరుగుతాయి. పొద్దున అద్దంలా ఉన్న సరస్సు మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక వేరేలా మారిపోతుంది. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు అదే ఎదురుగాలి.

గాలిని కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు, అవసరం కూడా లేదు. నీటి మీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు విరుగుతున్నాయా చూడండి. అవి తరచుగా కనబడుతున్నాయంటే గాలి గంటకు సుమారు ఇరవై కిలోమీటర్లు దాటిందని అర్థం. చిన్న పడవలో పిల్లలతో షికారుకు అది వేళ కాదు.

ఇంకో ఇబ్బంది ఉంది. పులికాట్‌కు వలస పక్షులు వచ్చేది అక్టోబరు నుంచి మార్చి దాకా. మనకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చేదీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిన వాన ఎవరూ మర్చిపోలేదు. అంటే పక్షుల్ని చూడాలని మనం బయల్దేరే కాలమూ, నీళ్లను నమ్మకూడని కాలమూ చాలావరకు ఒకటే. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు షికారుకు పోయిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. చేపల వేటకు వాడే పడవలో కిక్కిరిసి ఎక్కారు, లైఫ్ జాకెట్లు లేవు. వాతావరణ శాఖ “చేపల వేటకు వెళ్లొద్దు” అని హెచ్చరిక ఇచ్చిన రోజున, అది సముద్రం గురించే కదా అనుకోకండి. షికారు కూడా వాయిదా వేసుకోవాలి.

గోదావరి మీద జరిగినవి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 మేలో దేవీపట్నం దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. వానకు తలుపులు, కిటికీలు మూసి ఉండడంతో లోపలివాళ్లు బయటపడలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, నది ఐదు లక్షల క్యూసెక్కుల వరదలో ఉండగా, పర్యాటక పడవ మునిగి యాభై మంది దాకా పోయారు. ఆ పడవలో మన తిరుపతి నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ నదికీ ఈ సరస్సుకూ పోలిక లేదు. కానీ రెండుచోట్లా పడవ బయల్దేరకముందే, ఒడ్డున ఉండగానే, ‘ఈ రోజు వద్దు’ అనాల్సింది.

జాకెట్ ఒళ్లో ఉంటే లేనట్టే

నీళ్లలో మనిషి శరీరాన్ని చాలావరకు నీళ్లే మోస్తాయి. తల పైకి ఉండడానికి అదనంగా కావలసింది కొద్ది కిలోల తేలే శక్తి మాత్రమే. లైఫ్ జాకెట్‌లోని ఫోమ్ ఇచ్చేది అదే. జాకెట్ మీద 50 ఎన్, 100 ఎన్ అని ఉంటుంది. ఎన్ అంటే న్యూటన్. పది న్యూటన్లు దాదాపు ఒక కిలో. 50 రకం ఈత వచ్చి, స్పృహలో ఉన్నవాళ్లకు సాయం చేస్తుంది. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పే పని దానిది కాదు. 100 రకానికి మెడ వెనక కాలర్ ఉండి, మొహాన్ని పైకి తిప్పేలా తయారు చేస్తారు. ఈత రానివాళ్లకు, పిల్లలకు కావలసింది అది.

నీళ్లలో పడ్డాక వేసుకుందాంలే అనుకునేవాళ్లకు ఒక మాట. పడవ తిరగబడడానికి పట్టేది కొన్ని సెకన్లు. భయంతో కొట్టుకుంటూ, తడిసిన బట్టలతో, తేలిపోతున్న జాకెట్‌ను వెతికి పట్టుకుని, బకుల్స్ పెట్టుకోవడం ఈతగాళ్లకే కష్టం. కారు గుద్దుకునే ముందు సీటు బెల్టు పెట్టుకోలేం కదా, ఇదీ అంతే.

వేసుకున్నాక సరిపోయిందో లేదో చూసుకోవాలి. బకుల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టు. పిల్లలకు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. పెద్దవాళ్ల జాకెట్ వేసిన పిల్లవాడు నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు లేదంటే ఆ పిల్లవాణ్ని ఎక్కించకండి. చంటిబిడ్డను చంకలో పెట్టుకుని ఎక్కే తల్లులను చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. తల్లి జాకెట్ ఇద్దరి కోసం కాదు. చీరలో వచ్చినవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవడం, చెప్పులు విప్పేయడం మంచిది. శాలువా కప్పుకుని దాని మీద జాకెట్ వేసుకోకండి, జారుతుంది. ఫోమ్ నలిగి గట్టిపడినా, గుడ్డ చిరిగినా వేరేది అడగండి. వాసన వస్తోందని, తడిగా ఉందని మాత్రం మానేయకండి.

ఊరి చెరువుల్లో తొక్కే హంస పడవలకు కూడా ఇది వర్తిస్తుంది. 2024 జనవరి 18న వడోదరలో, ఊరి మధ్యనున్న హర్ణి చెరువులో, స్కూలు పిల్లల విహార యాత్ర పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఎక్కువ మందికి జాకెట్లు లేవు. చెరువే కదా అన్న ధీమా ఎంత ప్రమాదమో ఇంతకన్నా చెప్పలేను.

పడవ తిరగబడితే ఒడ్డుకు ఈదాలని చూడకుండా పడవనే పట్టుకోవాలి. ఒడ్డు కనబడినంత దగ్గరగా ఉండదు. పడవ చాలాసార్లు బోర్లా పడి తేలుతూనే ఉంటుంది, వెతికేవాళ్లకు మనిషి తల కన్నా పడవే ముందు కనబడుతుంది. బయట ఉన్నవాళ్లు నీళ్లలోకి దూకకండి. మునుగుతున్న మనిషి కాపాడబోయినవాళ్లను పట్టుకుని ముంచేస్తాడు. గెడ అందించండి, పంచెను మెలిపెట్టి విసరండి, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరండి. 20 లీటర్ల క్యాన్ దాదాపు 20 కిలోల బరువును తేలుస్తుంది. అది ఇద్దరికి పట్టు.

బయటికి తీసిన మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం, కడుపు నొక్కడం మన పల్లెల్లో ఇంకా చూస్తాం. ప్రేమతోనే చేస్తారు, కానీ దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై వేగంతో, 30 సార్లు నొక్కి 2 ఊపిరులు. 108 వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. ఊపిరితిత్తుల్లో చేరిన నీళ్ల ప్రభావం గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.

అదే నీళ్లలో పక్షి సంగతి

ఇప్పుడు పడవ లోపలి నుంచి బయటికి చూద్దాం. రాజహంస తలను తలకిందులు చేసి, ముక్కుతో బురదనీళ్లను వడకట్టి, అందులోని సన్నటి జీవులను, నాచును తింటుంది. దాని తిండి అంతా లోతు తక్కువ బురదలోనే. మనల్ని బురదలో దిగబడేలా చేసే ఆ నేలే దానికి అన్నం పళ్లెం.

మోటారు పడవ ఆ లోతులోకి వస్తే ప్రొపెల్లర్ అడుగు బురదను చిలుకుతుంది. నీళ్లు మసకబారతాయి, వెలుతురు కిందికి దిగదు, అడుగున పెరిగే గడ్డి, నాచు బలహీనపడతాయి. రొయ్య పిల్లలు, చేప పిల్లలు తలదాచుకునేది ఆ గడ్డిలోనే. అదే సమయంలో ప్రొపెల్లర్ బురదలోనో, తెగిన వలలోనో ఇరుక్కుని ఇంజన్ ఆగిపోతుంది. ఇంజన్ ఆగిన పడవ గాలికి అడ్డం తిరుగుతుంది, అలలు పక్క నుంచి కొడతాయి. పడవ బోల్తా పడడానికి అంతకన్నా అనువైన స్థితి ఉండదు. కాబట్టి “కాలువ దాటి పోవద్దు” అన్న ఒక్క నియమం పక్షి తిండినీ కాపాడుతుంది, మననీ కాపాడుతుంది. దగ్గరికి పోవాలంటే ఇంజన్ ఆపి గెడ వేసే పడవలోనే పోవాలి, అదీ కొంత దూరం దాకానే.

ఎంత దూరం అని మీటర్లలో చెప్పడం కన్నా పక్షిని చూడడం మేలు. తల దించి మేస్తుంటే మీరున్న దూరం సరిపోయింది. మేయడం ఆపి తలెత్తిందా, ఆగండి. గుంపంతా ఒక వైపుకు నడుస్తోందా, అప్పటికే ఎక్కువ దగ్గరికి పోయారు, నెమ్మదిగా వెనక్కి మళ్లండి. కొంగలా ఉన్నచోటు నుంచే ఎగరడం రాజహంసకు చేతకాదు. నీటి మీద పరిగెత్తి లేవాలి. ఒక్కసారి లేవడానికి చాలా శక్తి ఖర్చవుతుంది. ఆదివారం ఒకదాని వెనక ఒకటి పది పడవలు వస్తే, పదిసార్లు లేస్తే, ఆ రోజు అది తిన్నదెంత, ఖర్చు చేసిందెంత? మన ఫోటో కోసం దాని ఆకలిని పెంచుతున్నాం.

గూడబాతుల (పెలికాన్ల) కథ ఇంకోటి. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో చెట్ల మీద అవి గూళ్లు కడతాయి. పిల్లలకు చేపలు తేవడానికి పులికాట్‌కు వస్తాయి. సరస్సులో వేటను చెడగొడితే నేలపట్టు గూట్లో పిల్ల పస్తుంటుంది. పులికాట్‌నీ నేలపట్టునూ 1976లోనే పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు. అభయారణ్యంలో వన్యప్రాణులను వేధించడం, చెత్త వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పక్షులు ఎగిరితే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టడం, ఈల వేయడం కూడా వేధించడమే.

చెత్త విషయంలో పులికాట్‌కు ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతూ ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును మధ్యలో చీల్చింది. నీళ్లు ధారాళంగా వచ్చిపోయే దారి తక్కువ. అందులో పడిన ప్లాస్టిక్ కవరు, నీళ్ల ప్యాకెట్టు అక్కడే తిరుగుతుంది, ముక్కలవుతుంది, చేప కడుపులోకి పోతుంది. తిరుమల కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోకూడదంటే మనం అలవాటు పడ్డాం. స్టీలు సీసా సర్దుకుని పోతున్నాం. పడవలోకీ అదే సీసా తీసుకుపోవచ్చు. తినేవి ఒడ్డునే తినేసి ఎక్కితే ఇంకా నయం. పడవలో చేతులు ఖాళీగా ఉంటే అంచు పట్టుకోవచ్చు.

నూనె గురించి కొద్దిగా. పాత రకం టూ స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోలుతో కలిపిన ఆయిల్ కూడా సిలిండర్‌లోకి పోతుంది. ఇంధనంలో ఐదో వంతుకు పైగా సరిగా కాలకుండానే పొగతో కలిసి నీళ్లలోకి వస్తుంది. నీటి మీద రంగురంగులుగా మెరిసే పొర అదే. పక్షి ఈకలకు అది అంటితే ఈకలు నీటిని ఆపలేవు, తడి ఒంటికి తగిలి పక్షి చలికి చస్తుంది. పడవ అడుగు నీళ్లు తోడేటప్పుడు వాటిలో ఆయిల్ ఉంటే ముందు పాత గుడ్డతో పీల్చి, గుడ్డను ఒడ్డుకు తేవాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఖరీదెక్కువ. కాబట్టి ఈ భారమంతా పడవ నడిపేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. వాళ్లలో ఎక్కువ మంది మత్స్యకారులు, సరస్సు పాడైతే ముందు నష్టపోయేది వాళ్లే. ఇంజన్ మార్చుకోవడానికి సాయం అందాలి, ఆ పడవకు ఒక పది రూపాయలు ఎక్కువిచ్చి ఎక్కడానికి మనమూ సిద్ధపడాలి. వేగంగా పోనిమ్మని తొందరపెట్టకపోవడం కూడా వాళ్లకు సాయమే. పడవ వేగానికి లేచే అలలు కట్టిన వలలను లాగేస్తాయి, ప్రొపెల్లర్ వాటిని కోసేస్తుంది.

తాగునీటి జలాశయాల విషయంలో నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను. చంద్రగిరి దగ్గరి కల్యాణి డ్యామ్ నీళ్లు తిరుపతి తాగుతుంది. అలాంటి చోట పెట్రోలు ఇంజన్ పడవ అసలు తిరగకూడదు. తెడ్డు పడవో, బ్యాటరీ పడవో అయినా, వాటిని వేరే చెరువు నుంచి తెచ్చేటప్పుడు కడిగి ఆరబెట్టాలి. గుర్రపు డెక్క చిన్న ముక్క అంటుకుని వచ్చినా చాలు, ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకు చేరుతుంది.

ఎక్కే ముందు అడగాల్సినవి

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత జలయానాల కొత్త చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం, బీమా, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. ఆ చట్టంలోనే నీటి కాలుష్యాన్ని అరికట్టే నియమాలూ ఉన్నాయి. పడవ పక్కన నంబరు, ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉందా చూడండి. 2023 మే 7న కేరళలోని తానూరులో మునిగి 22 మందిని బలిగొన్న పడవ, చేపల పడవను మార్చి పర్యాటకానికి తిప్పినదే. పైగా పొద్దు పోయాక, పరిమితికి మించి ఎక్కించుకుని బయల్దేరింది. చేపల పడవ చెడ్డదని కాదు. అది వల, చేపలు, నీటి నడకతో పెరిగిన నలుగురు మనుషుల కోసం కట్టింది. ఒకే వైపుకు లేచి నిలబడే పాతిక మంది కోసం కాదు.

అడగడానికి మనకు మొహమాటం. “అన్నా, ఈ పడవకు ఎంతమంది? ఇంజన్ ఆగిపోతే గెడ ఉందా? గాలి పెరిగితే ఎక్కడికి మళ్లిస్తావు?” ఈ మూడు ప్రశ్నలు చాలు. బాగా తెలిసినతను వీటికి నవ్వుతూ జవాబు చెబుతాడు. విసుక్కుంటే దిగిపోండి. డబ్బులిచ్చేశాం కదా అని ఎక్కకండి. తాగి ఉన్నారనిపిస్తే, నడిపేవాళ్లయినా మీవాళ్లయినా, మాట కూడా అక్కర్లేదు, ఎక్కకండి. ఫోన్ జిప్ కవర్లో పెట్టుకోండి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పండి.

పోయిన డిసెంబరులో మళ్లీ పోయాం. ఈసారి అత్త తన జాకెట్ బకుల్ తానే పెట్టుకుని, మనవరాలి జాకెట్‌ను భుజాల దగ్గర పట్టి లాగి చూసింది. అప్పటికి పదకొండు దాటింది. నీటి మీద తెల్ల నురగలు మొదలయ్యాయి. పడవతను సరస్సు వైపు ఒకసారి చూసి “ఇప్పుడు వద్దులేమ్మా, రేపు పొద్దున ఏడింటికి రండి” అన్నాడు. జాకెట్లు తిరిగి ఇచ్చేశాం. శ్రీహరికోట రోడ్డు మీదికి పోయి బండి ఒక పక్కన ఆపుకుని, అక్కడి నుంచి చూశాం. రాజహంసలు తలలు దించి మేస్తున్నాయి. మేం ఉన్న గంటసేపూ ఒక్కటి కూడా తలెత్తలేదు.